దొరకు పెట్టిన గుడ్డు

పోయిన నెల మా అల్లుడు తనకు ప్రమోషన్ వచ్చిందని అందర్నీ భోజనానికి బయటికి తీసుకుపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. ఈ వయసులో ముసలిదాన్ని కారులో కూర్చోబెట్టుకుని పోవడమే గొప్ప, ఇంకా ఆరాలు తీస్తే బాగుండదు. కారు భద్రాచలం రోడ్డెక్కి, అడవి మొదలయ్యే మలుపులో ఆగింది. దిగి చూస్తే ఎదురుగా మా ఊరివాళ్ళు తాగుడు బంగళా అని పిలిచే పాత దొరల బంగళా. గోడలకు పసుపు రంగు కొట్టారు, పెంకులు మార్చారు, వరండా పొడుగునా రంగు దీపాలు వేలాడదీశారు. లోపల బారు, పక్కన ఏసీ వేసిన ఫ్యామిలీ హాలు.  అందరి వెనకే వెళ్ళి కూర్చున్నాను.

మెనూ కార్డు తెచ్చి ఇచ్చారు. దాని వెనక అట్ట మీద బంగళా చరిత్ర అచ్చు వేసి ఉంది. తెల్లదొరలు తాగిన చోటట. దొరకు బ్రాందీలో విషం కలిపి చంపిన పనిమనిషి ఆత్మ ఇప్పటికీ ఇక్కడే తిరుగుతోందట, మధ్యాహ్నం పూట చెవి పెట్టి వింటే చీపురు చప్పుడు వినిపిస్తుందట. పక్కన బొమ్మ కూడా గీయించారు. జుట్టు విరబోసుకుని, కోరలు పెట్టుకుని, చేతిలో చీపురుతో ఒక ముసలిది. ఆమె పేరున ఒక వేపుడు కూడా ఉంది, చీపురవ్వ చికెన్ అని. మా మనవరాలు పడీపడీ నవ్వి అదే కావాలంది. కడుపులో బాగాలేదని చెప్పి నేను మజ్జిగ తాగి లేచాను.

ఆ బంగళాలో దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళు మా బొగ్గుబాయి ఊళ్ళో వందమంది దొరుకుతారు. ఆ దయ్యం ఎట్లా తయారయిందో తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే పోయి, నేనొక్కదాన్ని మిగిలాను. నేను కూడా పోతే ఇక ఆ అట్ట మీద రాసిందే నిజమవుతుంది. అందుకని రాస్తున్నాను.

మాది బొగ్గుబాయి లైన్లు, గని కూలీల ఇళ్ళ వరసలు. ఒక వరసకు ఇరవై క్వార్టర్లు, రెండు వరసలకు ఒక నల్లా. పొద్దున్నే అన్ని ఇళ్ళ ముందూ రాక్షసి బొగ్గు పొయ్యిలు రాజేస్తే ఆ పొగకు ఎదురింటి మనిషి కూడా కనబడేది కాదు. ఆ పొగ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే జనం ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆకలేస్తుంది. దాని వెనకే జొన్నగటక ఉడికే వాసన, చింతపండు పిసికి ఉల్లిగడ్డ కలిపిన పచ్చిపులుసు వాసన వచ్చేవి గనక. మా నాయన షిఫ్టు దిగి వచ్చి ఎంత తోమి స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు మిగిలిపోయేది. కాటుక పెట్టుకున్న మొగోడు మా నాయన ఒక్కడేనని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. తీరా చూస్తే లైన్లలో అందరి నాయనలూ అట్లాగే ఉండేవారు.

మా నాయనది బాయిలో దుంగలు నిలబెట్టే పని. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కింద కర్రదుంగలు ఆసరా పెట్టుకుంటూ పోవాలి. ఆయనకు జోడీ ఒక చిన్నాయన. మాకు చుట్టం కాదు, పక్క క్వార్టరు. ఇద్దరూ ఒకే ఏడు బాయి దిగారు, ఒకే షిఫ్టు, ఒకే బీడీ చెరిసగం. ఆయన పెండ్లాన్ని నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు అప్పటికింకా పిల్లలు లేరు. నా జడలు ఆమే వేసేది.

మా నాయనమ్మ తిరుమలాయపాలెం పక్క నుంచి కొడుకు వెంట వచ్చిన మనిషి. నేల మీద పండించుకుని తినాలి గాని నేల కడుపులో చెయ్యి పెడితే అది ఊరుకుంటుందా అని రోజూ అంటూ, ఆ బాయి జీతంతోనే రోజూ తినేది. దయ్యాల కథల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. అందరి దయ్యాలూ రాత్రి తిరిగితే మా దొర దయ్యం మాత్రం మిట్టమధ్యాహ్నం తిరుగుతుందని చెప్పేది. రాత్రెందుకు తిరగడని అడిగితే, రాత్రి తాగి పడుకుంటడు గద అనేది. పెద్దవాళ్ళు నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు, ఎందుకంటే బడి నుంచి ఇంటికి వచ్చేది ఆ మధ్యాహ్నమే.

కథ ఇది. తెల్లవాళ్ళ కాలంలో బొగ్గు దొరలూ, ఏజెన్సీ అడవిలో టేకు కొట్టించి తిరిగి వచ్చే కర్ర దొరలూ తాగడానికి ఆ బంగళా కట్టుకున్నారు. ఇంగ్లండు సీమ నుంచి మందు సీసాలు ఎడ్లబండ్ల మీద వచ్చేవి. ఒకరోజు ఒక పడుచు దొర బాయి దిగాల్సినవాడు దిగకుండా అక్కడే తాగుతూ కూర్చున్నాడు. కప్పు కూలుతోందని కూలీలు మనిషిని పంపినా లేవలేదు. పదిమంది పోయారు. తెల్లారి సంగతి తెలిసి, ఆ దొర సీసాల బల్ల వెనక తుపాకి పెట్టి కాల్చుకున్నాడు. అప్పటి నుంచి ఆ పాపం కడుక్కోవడానికి బాయిలో కాపలా తిరుగుతాడు. కప్పు కూలేముందు పైన మూడుసార్లు తడతాడు. విన్నవాడు బతుకుతాడు.

ఇందులో ఎంత నిజమో ఎవరూ అడగలేదు. అడిగే పని లేకుండా ఒక ఆచారం కట్టుకున్నారు. బాయిలో కొత్త జాగాలో పని మొదలుపెట్టే రోజు, పొద్దున షిఫ్టుకు ముందే జోడీగాళ్ళిద్దరూ బంగళాకు పోయి దొరకు సాక పోయాలి. ఊరి దేవతలకైతే కల్లు సాక పోస్తారు. దొరకు కల్లు పడదు గనక బ్రాందీ. మోదుగాకులో ఒక ఉడకబెట్టిన గుడ్డు, సాయిబు బేకరీ నుంచి ఒక డబల్‌రొట్టె ముక్క, ముట్టించిన చుట్ట. జొన్నరొట్టె పెడితే దొరకు కోపం వస్తుందని మా నాయనమ్మ అనేది. మూడు మూతల బ్రాందీ గడప మీద పోశాక సీసాలో మిగిలింది ప్రసాదం. దాన్ని ఇంటికి తేకూడదు, పారబోయకూడదు. జోడీగాళ్ళిద్దరూ అక్కడే నిలబడి తాగి, మూతి తుడుచుకుని షిఫ్టుకు పోవాలి. ఆకులో పెట్టింది కాకి తినొచ్చు, చీమ తినొచ్చు. మనిషి ముట్టకూడదు. ముడితే దొర ఆకలితో బాయి దిగుతాడు, ఆకలి మీద ఉన్న దొర తట్టడు.

మా ఇంట్లో గుడ్డు అంటే పండుగే. దొరకైతే పండుగతో పని లేకుండా గుడ్డు. దీని మీద నాకు ఆ వయసులోనే కోపం ఉండేది.

బంగళాలో ఒక అవ్వ ఉండేది. కోయ మనిషి, చర్ల అవతలి గూడెం నుంచి ఎప్పుడో తల్లి వెంట వచ్చిందట. వెనక వంటగదిలో ఒక మూల చాప, రెండు కుండలు, ఒక గొంగడి. అప్పటికి బంగళా పాడుబడి చాలా ఏండ్లు. తలుపులు ఎవరో పీక్కుపోయారు, సీసాల బల్ల మాత్రం మిగిలింది. టేకుది, పదిమంది పట్టినా కదలదు. అవ్వ రోజూ పొద్దున లేచి ఆ హాలంతా ఊడ్చేది, వరండా ఊడ్చేది, ఆ బల్లను తడిగుడ్డ పెట్టి తుడిచేది. గబ్బిలాల కంపు కొట్టాల్సిన చోట ఇప్పపువ్వు ఎండిన తియ్యటి వాసన వచ్చేది. జనం ఆమెను తరిమేవారు కాదు, పలకరించేవారూ కాదు. దొర దగ్గరి మనిషి అని కొంచెం భయం, అడవి మనిషి అని కొంచెం చిన్నచూపు.

నేను మాత్రం ఎండాకాలం సెలవుల్లో దొంగతనంగా పోయేదాన్ని. పెద్ద ధైర్యమేమీ కాదు, తిండి యావ. ఆమె దగ్గర తునికిపండ్లు ఉండేవి, మొర్రిపండ్లు ఉండేవి, ఇప్పపువ్వు వేయించి చింతగింజలతో కలిపి దంచిన ముద్ద ఉండేది. ఆమె వాటిని నా చేతిలో పెట్టి తన పని తాను చూసుకునేది. ఎందుకు వచ్చావని ఒక్కరోజూ అడగలేదు.

ఒకనాడు నేనే అడిగాను, తెల్లదొరలు పోయి ఇన్నేండ్లయింది గద, ఎందుకు ఊడుస్తున్నావని. ఆమె నన్ను వింతగా చూసింది.

“మా అమ్మ ఊడ్చింది, నేను ఊడుస్తున్న. పని ఆపమని ఎవ్వరు చెప్పలే గద బిడ్డా.”

దొర దయ్యం గురించి అడిగితే నవ్వింది. ఆమె చెప్పిన కథ వేరు. ఈ బంగళా కట్టినప్పుడు ఇక్కడున్న ఇప్పచెట్లన్నీ కొట్టేశారట. చెట్లెందుకు కొట్టారని అడగడానికి వచ్చిన గూడెం పెద్దలకు ఒక్కొక్క సీసా ఇచ్చి పంపారట. పడుచు దొర ఒకడు ఉన్న మాట నిజమే. తుపాకీ లేదు, బాయి కూలిందీ లేదు. వానాకాలం చలిజ్వరం వచ్చి వెనక గదిలో పడ్డాడు. తోటి దొరలు ముందు హాలులో తాగుతూ పాడుతూనే ఉన్నారట. అవ్వ వాళ్ళమ్మ తొమ్మిది రోజులు గంజి పట్టింది, విసనకర్రతో విసిరింది. తాను అప్పటికి గ్లాసులు కడిగే పిల్ల. ఆఖరుకు ఆ దొర వాళ్ళ భాషలో ఏదో పిలిచి పిలిచి పోయాడు. తల్లిని పిలుస్తున్నాడని తమకు అర్థమయిందని చెప్పింది. ఆ కథ నాకు నచ్చలేదు. తుపాకీ ఉన్న కథే బాగుందనిపించింది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు మృగశిర దాటినా వాన పడలేదు. నాయనకూ చిన్నాయనకూ కొత్త జాగాలో పని పడింది. ముందురోజు మా అమ్మ గుడ్డు ఉడకబెడుతుంటే నేను పొయ్యి దగ్గరే కూర్చున్నాను. ఒక్కటే గుడ్డు. సగం పెట్టమని ఏడిస్తే నాయనమ్మ నెత్తి మీద మొట్టికాయ వేసింది. పొద్దున్నే వాళ్ళిద్దరూ సాకకు పోయారు. ఎండ ఎక్కాక నేను అవ్వ దగ్గరికని బయలుదేరాను. అవ్వ దగ్గరికేనని నాకు నేను చెప్పుకున్నాను.

గడప మీద మోదుగాకులో గుడ్డు అట్లాగే ఉంది. చుట్ట ఆరిపోయి ఉంది, రొట్టెను చీమలు పట్టాయి, గుడ్డును ఇంకా ఏదీ ముట్టలేదు. నేను కూర్చుని పొట్టు ఒలిచి తిన్నాను. ఉప్పు లేదు. అయినా అంత రుచిగల గుడ్డు నేను మళ్ళీ తినలేదు, ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గాని అది నిజం. తలెత్తితే అవ్వ చీపురుతో నిలబడి చూస్తోంది.  నేను లేచి పక్కకు జరిగితే, కింద పడిన పొట్టు ఊడ్చుకుని పెరట్లో చెత్తకుప్ప మీద వేసింది.

ఇంటికి చేరకముందే బాయి కూత కూసింది. వేళగాని వేళ కూత అంటే ఏమిటో లైన్లలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. ఆడవాళ్ళంతా పొయ్యి మీదివి పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తారు. కొత్త జాగాలో కప్పు కూలింది. చిన్నాయన అక్కడికక్కడే పోయాడు. నాయనకు ఎడమకాలు నుజ్జయింది, తలకు దెబ్బ తగిలి తెలివి లేదు. దవాఖానా ముందు మట్టిలో పడి చిన్నమ్మ దొర్లుతుంటే, ఆమె ఉదయం నాకు వేసిన జడ పట్టుకుని నేను నిలబడ్డాను.

మర్నాడు లైన్లలో ఒకటే మాట. దొర ఎందుకు తట్టలేదు. సాక సరిగ్గా పోశారా అంటే పోశారు, చూసినవాళ్ళున్నారు. అయితే ఎవరో ఎంగిలి చేశారు. చిన్నాయనను మట్టి చేసి వచ్చిన ఆడవాళ్ళు ఆ తడి చీరలతోనే బంగళాకు పోయారు. నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. చెత్తకుప్ప మీద గుడ్డుపొట్టు కనబడింది. కాకి పొట్టు ఒలుచుకుని తింటుందా అని ఎవరో అన్నారు. అంతే, అవ్వను వంటగదిలో నుంచి బయటికి ఈడ్చారు. చిన్నమ్మ ఆమె జుట్టు పట్టుకుంది.

అవ్వ అబద్ధమాడలేదు. ఆమె నా వైపు చూసి, అందరికీ వినబడేటట్టు చెప్పింది.

“నేను ముట్టలే. ఈ పిల్ల తిన్నది. చెప్పు బిడ్డా, తిన్నవని చెప్పు.”

అందరూ నా వైపు తిరిగారు. నాయనమ్మ చెయ్యి నా మణికట్టు మీద బిగిసింది. నేను లేదన్నాను. నేను అటు పోనేలేదన్నాను. అప్పుడు ఎవరో పెద్దమనిషి ఒట్టు వేయించమన్నాడు. దొర గడప మీద చెయ్యి పెట్టి, నాయన మీద ఒట్టు వెయ్యాలి. మాట అబద్ధమైతే నాయన మూడో రోజు చూడడు. పిల్లకు మాటలు రాకుంటే తాను చెప్పిస్తానని నాయనమ్మ నా చెయ్యి గడప మీద పెట్టింది. బ్రాందీ మరక ఇంకా జిగురుగానే ఉంది.

“మా నాయన మీద ఒట్టు. నేను తినలే.”

నిజం చెబితే అందరూ కలిసి నన్నే చంపుతారనుకున్నాను. అబద్ధం చెబితే నాయన చస్తాడని కూడా నమ్మాను. తొమ్మిదేళ్ళ పిల్ల రెంటిలో ఒకటి ఎంచుకుంది. నన్ను నేను కాపాడుకున్నాను. నాయనను వదిలేశాను.

ఆ మూడు రోజులు నేను దవాఖానా గడప తొక్కలేదు. రమ్మంటే కడుపునొప్పి అని ముడుచుకుని పడుకున్నాను. పక్కింట్లో చిన్నమ్మ ఏడుపు, మా ఇంట్లో నాయనమ్మ మొక్కులు. ఎన్నిసార్లో లేచి చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చిన మాట నాయనమ్మ ముఖం చూడగానే వెనక్కి పోయేది. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. నాయన కళ్ళు తెరిచాడు, చాయ్ అడిగాడు. నాయనమ్మ నన్ను ఎత్తుకుని లైనంతా తిరిగింది. ఎవరో నా నోట్లో బెల్లం ముక్క పెట్టారు. నాయన బతికాడు గనక నా ఒట్టు నిజం, నా ఒట్టు నిజం గనక తిన్నది ముసలిదే. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. నాకు నాయన బతికినందుకు సంతోషం, ఆ బెల్లం చప్పరిస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం జనం మళ్ళీ బంగళాకు పోయారు. నన్ను ముందు పెట్టుకుని పోయారు, నిజం పలికిన పిల్లనని. కుండలు పగలగొట్టారు, చాప తగలబెట్టారు. రాళ్ళు వేశారు. మొదటి రాయి చిన్నమ్మది. అప్పుడే ఆ ఏటి మొదటి వాన అందుకుంది, దానికి కూడా అందరూ దొర శాంతించాడని అర్థం చెప్పుకున్నారు. అవ్వ నా వైపు మళ్ళీ చూడలేదు. గొంగడి కప్పుకుని రోడ్డెక్కబోతూ వెనక్కి తిరిగి, రేపటి నుంచి ఊడ్చేది ఎవరని అడిగింది.  భద్రాచలం దిక్కుగా వానలో నడిచి పోయింది. గూడెం చేరిందని కొందరన్నారు, వాగులో పోయిందని కొందరన్నారు. వెతికిన వాళ్ళు లేరు. నేనూ వెతకలేదు.

తరువాత సర్కారు నుంచి విచారణకు ఒక సాహెబు వచ్చాడు. పనిలో తప్పేమైనా జరిగిందా అని జోడు జోడుగా పిలిచి అడిగాడు. ఒక్క మనిషి కూడా ఆ పొద్దున సీసా సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. ప్రసాదం తాగుడు ఎట్లా అవుతుంది? కప్పు దానంతటదే కూలిందని రాసుకుని సాహెబు పోయాడు. నాయనకు పైన దీపాల గదిలో కూర్చునే పని ఇచ్చారు, క్వార్టరు నిలిచింది. కొన్నేళ్ళకు డాక్టర్లు ఆయన్ను పనికి అన్‌ఫిట్ అని రాస్తే, కొడుకులు లేరు గనక ఆ నౌకరి లెక్కన నాకు దవాఖానాలో ఆయా పని ఇచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. నా పెళ్ళి, నా బిడ్డ చదువు అన్నీ ఆ జీతంతోనే.

బంగళా ఊడ్చేవాళ్ళు లేక ఒక్క వానాకాలానికే గబ్బిలాలపాలయింది. అటు పోయినవాళ్ళకు చీపురు చప్పుడు వినబడసాగింది. ఆకులు గాలికి కదిలినా చీపురే. పదేళ్ళలో దొరను అందరూ మరిచిపోయారు. అవ్వ దయ్యమై మిగిలింది, ఏడాదికేడాదికి కొత్త పాపాలు అంటించుకుంటూ.

నాయన ఆఖరి రోజులు మా దవాఖానా వార్డులోనే గడిచాయి. నా డ్యూటీ కూడా అక్కడే. ఒక మధ్యాహ్నం ఒళ్ళు తుడుస్తూ చెప్పేశాను. నాయనా, ఆ గుడ్డు నేనే తిన్న, నీ మీద అబద్ధపు ఒట్టేసిన అని. ముప్పై మూడేళ్ళు మోసిన మాట. ఆయన తిట్టినా బాగుండేది. ఉలిక్కిపడను కూడా లేదు.

“గుడ్డు తింటే కప్పు కూలుతదా బిడ్డా. ఆ దినం నేను దుంగ నిలబెట్టలే.”

పొద్దున తాగిన ప్రసాదం తలకెక్కిందట. చిన్నాయన రెండుసార్లు చెప్పాడట, దుంగ పెట్టు, కప్పు పెళపెళమని మాట్లాడుతుంది అని. తరువాత పెడదామని ఈయన గోడకు ఆనుకుని కునుకు తీశాడట. చిన్నాయన తానే దుంగ ఎత్తబోతుంటే కూలింది. మరి అవ్వను తరిమినప్పుడు ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. మంచం మీద తెలివి వచ్చి, ఆ సంగతి తన దాకా చేరేసరికే అంతా అయిపోయిందన్నాడు. తరువాతనైనా చెప్పొచ్చు గదా అన్నాను.

“చెప్తే నౌకరి పోయేది, క్వార్టరు పోయేది. నిన్ను ఏం పెట్టి సాదేటోణ్ణి? ముసల్దానికి ఇల్లా వాకిలా. ఏడున్నా ఊడ్చుకొని బతుకుతదనుకున్న.”

నా చేతిలో తడిగుడ్డ ఉంది. నా ఒంటి మీద ఆయన నౌకరి ఇచ్చిన యూనిఫారం చీర ఉంది. ఆయన మీద కోపం వచ్చింది, కాని ఏ ముఖం పెట్టుకుని కోప్పడను? వీపు తుడిచి, పౌడరు వేసి, పక్క మార్చాను. నాలుగో రోజు ఆయన పోయాడు.

పదకొండో రోజు దినాలకు చిన్నమ్మ వచ్చింది. అప్పటికి జుట్టంతా తెల్లబడింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, అన్నల ఇంటికి పోలేదు, మిషను కుట్టుకుంటూ ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. తన మొగుడితో పాటు చావు అంచు దాకా పోయి వచ్చిన మనిషని మా నాయన అంటే ఆమెకు దేవుడితో సమానం. ఇంట్లో ఏది వండినా ఒక గిన్నె ఆయనకు పంపకుండా తినేది కాదు. ఆ గిన్నెలు ముప్పై మూడేళ్ళు మా నాయన కాదనకుండా తిన్నాడు.

వచ్చినవాళ్ళు లేచిపోయాక ఆమె నా పక్కన కూర్చుని, నా జడ వెనక్కి సర్ది, చిన్నగా అంది.

“ఆ ముసల్ది ఎంగిలి చెయ్యకపోతే మా ఆయన ఉండేటోడు. మీ నాయన రెండు కాళ్ళ మీద తిరిగేటోడు. అంతేనా బిడ్డా?”

అడిగి నా ముఖంలోకి చూసింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నాయన లేడు, ఆయన నౌకరి పోదు. నా నౌకరి నాది, ఎవరూ తీసుకోలేరు. నాయనమ్మ లేదు, మొట్టికాయ లేదు, రాళ్ళు పట్టుకున్న జనం లేరు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె మొగుడు ఎందుకు పోయాడో తెలుసుకునే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది.

“అవ్, చిన్నమ్మా,” అన్నాను.

ఆమె తల ఊపి, కళ్ళు తుడుచుకుని, తెచ్చిన గిన్నె నా ముందు పెట్టి పోయింది. మరి కొన్నేళ్ళు బతికింది, ఆ నమ్మకంతోనే పోయింది. భయపడి అబద్ధమాడిన చిన్నపిల్లనని నన్ను నేను ఎన్నిసార్లో క్షమించుకున్నాను. ఆ రోజు నాకు నలభై రెండేళ్ళు. ఎవరూ ఒట్టు కూడా వెయ్యమనలేదు.